పిల్లల గదికి థీమ్: ఒకరికి అంతరిక్షం, ఒకరికి తిమింగలం, గది ఒక్కటే

ఆకాశదీపం
అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరేళ్లు నిండాయి, పాపకి మూడున్నర. ఇన్నాళ్లూ మా గదిలోనే పడుకునేవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒక గది సిద్ధం చేస్తున్నాం. పొడవు 3.5 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఒకటే కిటికీ. గోడలకి ఎప్పుడో వేసిన లేత పసుపు రంగు. అక్కడక్కడ పెచ్చులు లేచింది.

బాబుకి ఏడాదిగా అంతరిక్షం తప్ప ఇంకో ధ్యాస లేదు. గోడలన్నీ నల్లగా ఉండాలట, సీలింగ్ నిండా నక్షత్రాలు ఉండాలట. పాపకేమో తిమింగలం కావాలి. మేం అనుకున్నది ఇదీ: నాలుగు గోడలకీ ముదురు నీలం, ఒక గోడకి గ్రహాల వాల్‌పేపర్, బాబుకి రాకెట్ ఆకారంలో మంచం. పాపకి తిమింగలం బొమ్మ ఉన్న దుప్పటి కొందాం అనుకున్నాం. అయితే ఆ గది పాపది కూడా కదా, ఒక్క దుప్పటితో సరిపెడుతున్నామేమో అని మనసు పీకుతోంది.

మంచానికి వచ్చే వారం ఆర్డర్ ఇవ్వాలి. దానికంటే ముందే మీ అనుభవాలు తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఇద్దరి_అమ్మ
మంచం ఆర్డర్ ఒక్క నెల ఆపండి, దయచేసి. మా పెద్దవాడికి నాలుగేళ్లప్పుడు కారు ఆకారం మంచం చేయించాం. ఆ రోజు వాడి ఆనందం చూసి మా ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. ఆరేళ్లు వచ్చేసరికి స్నేహితులు వస్తే గది తలుపు వేసేసేవాడు. ఏడేళ్లకి కాళ్లు చివర తగిలేవి. పరుపు కూడా ఆ మంచం కొలతకే కోయించాం కాబట్టి ఇంకో మంచానికి పనికి రాలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మంచం, బీరువా, బల్ల మామూలువే కొంటాం. థీమ్ అంతా దుప్పట్లలో, కర్టెన్లలో, దిండు గలీబుల్లో, గోడకి తగిలించే బొమ్మల్లో. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు రాజకుమార్తెలు, ఆరేళ్లకి డైనోసార్లు, ఇప్పుడు గుర్రాలు. మారిన ప్రతిసారీ ఒక ఆదివారం పని, అంతే.

కుంచెపని
ఇళ్లకి రంగులు వేసే పనిలో ఉన్నాను, ఇరవై ఏళ్లు దాటింది. పిల్లల గదులు చాలా చేశాను కాబట్టి రంగు గురించి నాకు తెలిసింది చెప్తాను.

అన్నిటికంటే ముందు ఆ పెచ్చుల సంగతి చూడండి. ఇల్లు పాతదైతే పాత పెయింట్ పొరల్లో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్లకి వేసే పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. చాలా దేశాల్లో ఆ తర్వాతెప్పుడో ఆపారు. పిల్లల ఒంట్లోకి సీసం ఇంతవరకు వెళ్తే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అందుకని పాత రంగుని పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దకండి. ఆ దుమ్మే ప్రమాదం. అనుమానం ఉంటే ముందు పరీక్ష చేయించండి, ఆ పని జరిగినన్నాళ్లూ పిల్లల్ని ఆ గది దరిదాపులకి రానివ్వకండి.

రంగు ఎంచుకునేటప్పుడు షేడ్ కార్డు చూసి నిర్ణయించొద్దు. కార్డు మీద అంగుళం ముక్కలో కనిపించే నీలం నాలుగు గోడల మీదికి వచ్చేసరికి ఇంకా చిక్కబడుతుంది, ఎందుకంటే ఒక గోడ రంగు ఇంకో గోడ మీద ప్రతిఫలిస్తుంది. పెద్ద డ్రాయింగ్ షీటు మీద రెండు కోట్లు వేసి గోడకి అంటించండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. ఒకటే కిటికీ ఉన్న గదికి నాలుగు వైపులా ముదురు రంగు నేనైతే వేయను. వేస్తే ఒక్క గోడకి వేస్తాను.

ఆ ఒక్క గోడ ఏదన్నది కూడా ఆలోచించాలి. అందరూ మంచం తలవైపు గోడకే బొమ్మలు వేయిస్తారు. గుమ్మంలో నిలబడి ఫొటో తీస్తే బాగుంటుంది నిజమే. కానీ పడుకున్న పిల్లాడికి అది కనిపించదు. పిల్లలు నిద్రపోయే ముందు చూసేది ఎదురు గోడ, సీలింగ్. ఈ మాట చెప్పినప్పుడల్లా అమ్మానాన్నలు ఒక్క నిమిషం ఆగి, వెళ్లి ఆ మంచం మీద పడుకుని చూస్తారు. మీరూ పడుకుని చూడండి.

నీలిచేప
కుంచెపని గారితో ఒక్క విషయంలో ఏకీభవించలేకపోతున్నాను. మా అబ్బాయి గది నాలుగు గోడలూ ముదురు నీలమే, ఇదీ చిన్న గదే. మూడేళ్లయింది. వాడికి గుహలో ఉన్నట్టు వెచ్చగా ఉంటుందట, నిద్ర కూడా బాగా పడుతోంది. సీలింగ్ తెల్లగా వదిలేశాం, దుప్పటి, చాప లేత రంగులు. ముదురు రంగు అనగానే భయపడాల్సిన పని లేదు.

కుంచెపని
నీలిచేప గారూ, మీ అబ్బాయికి అది నచ్చిందంటే అదే సరైన రంగు. నేను ఒప్పుకుంటాను. ఇక్కడ ఇద్దరు పిల్లలు, అందులో ఒకరికి మూడున్నరేళ్లు, పగలు కూడా అదే గదిలో ఆడుకుంటారు కదా అని అలా చెప్పాను. ఇంకోటి, ముదురు రంగు మీద వేలి ముద్రలు, గీతలు బాగా కనిపిస్తాయి. పూర్తి మ్యాట్ కాకుండా కొద్దిగా మెరుపున్న, కడగడానికి వీలైన ఎమల్షన్ తీసుకోండి. రేపు దాని మీద లేత రంగు వేయాలంటే ప్రైమర్ లేకుండా కుదరదు.

తెల్లకాగితం
నేను చిన్నపిల్లల టీచర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఆకాశదీపం గారూ, బాబుకి అంతరిక్షం ఇష్టం అన్నారు. అంతరిక్షంలో ఏది ఇష్టం? ఇది అడిగి చూశారా?

ఎందుకంటే ఒకే థీమ్ వెనుక ఒక్కో బిడ్డకి ఒక్కో సంగతి ఉంటుంది. డైనోసార్లంటే ప్రాణం అనే పిల్లల్లో ఒకడికి వాటి పేర్లు చెప్పడం ఇష్టం, ఇంకొకడికి వాటిలా అరవడం ఇష్టం, మరొకడికి మట్టిలో ఎముకలు తవ్వడం ఇష్టం. మొదటివాడి గదికి పటాలు కావాలి, రెండోవాడికి ఖాళీ నేల కావాలి, మూడోవాడికి డబ్బాలు, పెట్టెలు కావాలి. ముగ్గురికీ ఒకే వాల్‌పేపర్ అంటిస్తే ముగ్గురికీ సగమే దక్కుతుంది.

నోటితో అడిగితే పిల్లలు మనకి నచ్చే జవాబు చెప్తారు. కాగితం ఇచ్చి "నీ గది ఎలా ఉండాలో బొమ్మ గీయి" అనండి. పక్కన కూర్చుని చూడండి, దిద్దకండి. తను మొదట ఏది గీశాడో, ఏది పెద్దగా గీశాడో గమనించండి.

ఇంకొక్క మాట. 1907లో మరియా మాంటిస్సోరి రోమ్‌లో తన మొదటి పిల్లల బడి తెరిచాక, కుర్చీలు, బల్లలు, అరలు పిల్లల కొలతకి తగ్గట్టు చేయించింది. అప్పటికి అది కొత్త సంగతి. ఇంట్లో ఇప్పటికీ మనం బొమ్మల పటాలు మన కంటి ఎత్తులోనే తగిలిస్తాం. నేల మీద మోకాళ్లతో కూర్చుని గది చూడండి, మూడున్నరేళ్ల పాపకి కనిపించే గది అదే.

ఆకాశదీపం
తెల్లకాగితం గారూ, ఏమని చెప్పాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం ఇద్దరికీ కాగితాలు ఇచ్చాను.

బాబు గ్రహాలు గీయలేదు. ఒక పెద్ద రాకెట్ గీసి, దానికి చిన్న గుండ్రటి కిటికీ పెట్టి, అందులో తన మొహం గీశాడు. లోపల ఒక లైటు, ఒక పుస్తకం, ఒక బటన్ల పెట్టె. "మరి గోడలో?" అంటే "నేను లోపల ఉంటాను కదా అమ్మా, గోడలు కనిపించవు" అన్నాడు. వాడికి కావలసింది ఇరుకుగా, దాక్కునేలా, తను మాత్రమే పట్టే చోటు. వాల్‌పేపర్ కోసం నేను ఎన్ని రాత్రులు ఫోన్‌లో వెతికానో.

పాప పెద్ద గుండ్రం గీసి, దాని పక్కనే చిన్న గుండ్రం గీసింది. పెద్దది అమ్మ తిమింగలమట, చిన్నది తనట. దానికి కావలసింది తిమింగలం పక్కన పిల్ల తిమింగలం. మేం చూసిన ఏ దుప్పటి మీదా పిల్ల లేదు.

రాత్రి పడుకునేటప్పుడు బాబు మెల్లగా ఇంకోటి చెప్పాడు. గోడలు మరీ నల్లగా వద్దట, రాత్రి లేస్తే భయమేస్తుందట.

ఇద్దరి_అమ్మ
ఇది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఇక మంచం ఆర్డర్ అక్కర్లేదు కదా. ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె దొరికితే చాలు. ఒక పక్క గుండ్రటి కిటికీ కోయండి, లోపల పాత దిండు వేయండి. చిరిగితే ఇంకోటి. మా వాళ్లు ఒక పెట్టెతో ఆరు నెలలు ఆడారు.

నీలిచేప
రెండు థీములని ఎందుకు అనుకోవాలి? పైన ఆకాశం, కింద సముద్రం. కిటికీ అంచు ఎత్తులో గీత కొట్టి కింద నీలం, పైన లేత రంగు. కింది సగం పాపకి అందే ఎత్తు, పై సగం బాబు చూసే ఎత్తు.

కుంచెపని
నీలిచేప గారి ఆలోచన చాలా బాగుంది. ముదురు రంగు కింద ఉంటే గది ఇరుకుగా అనిపించదు, వెలుతురు పైనుంచి పరుచుకుంటుంది. నేల నుంచి 90 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టుకోండి.

గీత తిన్నగా రావాలంటే నేల నుంచి టేపుతో కొలుచుకుంటూ పోతే కుదరదు, నేల ఎక్కడా సమంగా ఉండదు. ఒక్క చోట గుర్తు పెట్టి అక్కడి నుంచి రసమట్టం (గీత సమంగా ఉందో లేదో చూపే పనిముట్టు) పట్టుకుని చుట్టూ రండి. తర్వాత మాస్కింగ్ టేపు అంటించి, అంచు వేలితో గట్టిగా ఒత్తండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వెంటనే నీలం వేయకండి. ముందు టేపు అంచు మీద పై సగానికి వేసిన లేత రంగే ఒక పల్చటి కోటు వేయండి. టేపు కింద సందులుంటే ఆ రంగే దూరి మూసేస్తుంది. అది ఆరాక నీలం వేయండి. చివరి కోటు పూర్తిగా ఆరకముందే టేపుని మెల్లగా, వాలుగా లాగండి. కత్తితో కోసినట్టు వస్తుంది గీత.

లెక్క కోసం: ఒక లీటరు ఎమల్షన్ నున్నటి గోడ మీద ఒక కోటుకి సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది. మీ గది చుట్టుకొలత 13 మీటర్లు, ఎత్తు 90 సెంటీమీటర్లు అంటే 12 చదరపు మీటర్ల లోపే. రెండు కోట్లకి రెండున్నర లీటర్లు తీసుకుంటే సరిపోతుంది. వాసన తక్కువగా ఉండే తక్కువ వీఓసీ (రంగు నుంచి గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) రకం అడగండి. వేశాక కిటికీ తెరిచి ఉంచండి. వాసన పూర్తిగా పోయేదాకా పిల్లల్ని అందులో పడుకోబెట్టొద్దు.

కొలబద్ద
గ్రహాలు వేస్తున్నారా లేదా? వేసేటట్టయితే ఒక్క మనవి. బజారులో దొరికే స్టిక్కర్లలో భూమి, గురుడు దాదాపు ఒకే సైజులో ఉంటాయి. పిల్లలు రోజూ చూసే గోడ కదా, అసలు కొలతల్లో వేస్తే ఎంత బాగుంటుంది!

మా అమ్మాయి గదిలో భూమిని 3 సెంటీమీటర్లుగా తీసుకున్నాం. అప్పుడు శుక్రుడు 2.8, కుజుడు 1.6, బుధుడు 1.1 సెంటీమీటర్లు. గురుడు 33, శని 27. శని వలయాల ఈ చివర నుంచి ఆ చివరకి 64. యురేనస్ 12, నెప్ట్యూన్ దానికంటే రవ్వంత తక్కువ. సూర్యుడు 3 మీటర్ల 27 సెంటీమీటర్లు! గోడకి పట్టడు. అందుకని ఒక మూల నుంచి వంపు మాత్రం గీసి పసుపు నింపాం. గోడకి మేకు కొట్టి, 163 సెంటీమీటర్ల దారం కట్టి, చివర పెన్సిల్‌తో తిప్పాం. ఆ వంపు పక్కన మూడు సెంటీమీటర్ల భూమిని అంటించిన రోజు మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

దూరాలు మాత్రం గదిలో కుదరవు. ఈ లెక్కన సూర్యుడికీ భూమికీ మధ్య 350 మీటర్లు ఉండాలి, నెప్ట్యూన్ 10 కిలోమీటర్లు దాటి ఉండాలి. గోడకి పట్టే దూరం ఒక్కటే ఉంది. చంద్రుడు భూమికి 90 సెంటీమీటర్ల దూరంలో, 8 మిల్లీమీటర్ల చుక్క. అది తప్పకుండా పెట్టండి.

నిశ్శబ్దం
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, కొంచెం కఠినంగా ఉంటే క్షమించండి. మా గది చాలా అందంగా తయారు చేశాం. పూల తీగలా చిన్న లైట్లు, కిటికీకి తాళ్ల బ్లైండ్లు, సొరుగుల బల్ల. ఒక మధ్యాహ్నం మా చిన్నది సొరుగులు ఒక్కొక్కటీ లాగి మెట్లలా ఎక్కింది. బల్ల ముందుకి ఒరిగింది. ఎదురుగా మంచం ఉండబట్టి దాని మీద ఆనింది, దేవుడి దయవల్ల బిడ్డకి ఏమీ కాలేదు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

సొరుగుల బల్ల, పుస్తకాల అర, ఏదైనా సరే, ఎల్ బ్రాకెట్‌తో గోడకి బిగించండి. బరువైనవి కింది అరలో పెట్టండి. కిటికీ తాళ్లు మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది, తాడు లేని రకం పెట్టండి, మంచాన్ని కిటికీకి దూరంగా జరపండి. అలంకరణ లైట్లలో బటన్ బ్యాటరీ ఉంటే మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. బిడ్డ మింగితే రెండు గంటల్లోనే లోపల కాలి గాయమవుతుంది. మింగినట్టు అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇద్దరికీ ఒకే గది కాబట్టి రెండంతస్తుల మంచం ఆలోచన వస్తుంది. ఆరేళ్ల లోపు పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. పాప పైకి ఎక్కకుండా ఆపడం మన వల్ల కాదు.

ఆకాశదీపం
నిశ్శబ్దం గారూ, మీరు రాసింది చదివిన వెంటనే మా వారు బ్రాకెట్లు తెచ్చారు. గది సర్దకముందే బిగించేస్తాం. మీకు రుణపడి ఉంటాం.

సీలింగ్‌కి చీకట్లో మెరిసే నక్షత్రాలు అంటిద్దాం అనుకుంటున్నాం. అవి వేసిన వాళ్లు ఎవరైనా ఉన్నారా? మా చుట్టాలింట్లో అరగంటకే ఆరిపోయాయి.

కొలబద్ద
వాటిలో రెండు రకాలు. పాత రకంలో జింక్ సల్ఫైడ్ ఉంటుంది, త్వరగా మసకబారుతుంది. స్ట్రాంషియం అల్యూమినేట్ ఉన్నవి గంటల తరబడి మెరుస్తాయి. ఏదైనా ముందు వెలుతురు తాగాలి. పడుకోబోయే ముందు ఓ పావుగంట గది లైటు వేసి ఉంచండి. తెలిసిన నక్షత్ర మండలం ఒకటి సరిగ్గా అంటించి చూడండి, సప్తర్షి మండలం అయితే ఏడు చుక్కలే. నిజం ఆకాశంలో అది కనిపించిన రోజు బాబు మిమ్మల్ని లాక్కెళ్లి చూపిస్తాడు.

ఇద్దరి_అమ్మ
స్టిక్కర్ల విషయంలో తొందరపడకండి. మేం కొత్త పెయింట్ వేసిన నాలుగో రోజే అంటించాం. తీసేటప్పుడు పెయింట్ కూడా పొరలా ఊడి వచ్చింది.

కుంచెపని
అవును. చేతికి ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆగండి. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి తీస్తే జిగురు మెత్తబడుతుంది.

ఆకాశదీపం
(ఏడు వారాల తర్వాత)

చెప్తానన్న మాట ప్రకారం వచ్చాను. పాత రంగు పరీక్ష చేయిస్తే సీసం లేదని తేలింది, అయినా తడిపి గీయించాం. కింద ముదురు నీలం, పైన మబ్బు పట్టిన తెలుపు. గీత మూడు గోడల మీద కత్తిలా వచ్చింది. నాలుగో గోడకి ఓపిక అయిపోయి లేత కోటు వేయకుండా నీలం వేసేశాం, అక్కడ పాకింది. తడి బట్టతో తుడిచి, సన్న కుంచెతో దిద్దుకున్నాం.

తిమింగలం నేనే గీశాను. చిన్న కాగితం మీద బొమ్మ గీసి, గళ్లు కొట్టి, గోడ మీద సుద్దతో పెద్ద గళ్లు గీసుకుని, గడికి గడి ఎక్కించాను. ఇన్నేళ్ల తర్వాత కుంచె పట్టాను, చెయ్యి వణికింది, ఎంత సంతోషం వేసిందో. కొలబద్ద గారి మాట గుర్తుంచుకుని లెక్క చూశాం. నీలి తిమింగలం 24 మీటర్లనుకుంటే అప్పుడే పుట్టిన పిల్ల 7 మీటర్లు. అందుకని అమ్మని 120 సెంటీమీటర్లు, పిల్లని 35 సెంటీమీటర్లు వేశాను. పాప రోజూ పిల్ల తిమింగలం మీద అరచెయ్యి పెట్టి పడుకుంటోంది. దాని మంచం ఆ గోడకే ఆనించాం.

రాకెట్ మాత్రం అట్టపెట్టెదే. మొదటిది రెండు వారాల్లో కూలింది. రెండోది బల్ల కింద పెట్టి, ముందు కర్టెన్ కట్టాం. లోపల స్క్రూ మూత ఉన్న చిన్న టార్చి లైటు, పుస్తకాలు. బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి అందులో దూరతాడు. అరగంట ఎవరితోనూ మాట్లాడడు. ఆ తర్వాత బయటికి వచ్చి ఆ రోజు జరిగిందంతా చెప్తాడు. ఇంతకుముందు బడి సంగతులు అడిగి అడిగి రాబట్టుకోవాల్సి వచ్చేది.

గ్రహాలు పై సగంలో పెట్టాం, 3 సెంటీమీటర్ల భూమితోనే. ఒక్కటే పేచీ మిగిలింది. ప్లూటో కావాలంటాడు. 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చిందని వాడికి తెలుసు, అయినా "అది అక్కడే ఉంది కదా" అంటాడు. కొలబద్ద గారూ, ఎంత సైజులో వేయాలి, ఎక్కడ పెట్టాలి?

కొలబద్ద
మీ లెక్కకి ఐదున్నర మిల్లీమీటర్లు, పెన్సిల్ వెనక రబ్బరు అంత. బాబు చెప్పింది నిజమే, అది అక్కడే ఉంది. దూరం ప్రకారమైతే ఇంటి నుంచి 14 కిలోమీటర్ల అవతల పెట్టాలి. గదిలోనే కావాలంటే సూర్యుడి వంపుకి వీలైనంత దూరంలో ఏ చోటు ఉందో బాబునే వెతకమనండి.

ఆకాశదీపం
వెతికాడండి. తలుపు వెనకాల, కింద మూలన అంటించాడు. తలుపు మూసి ఉన్నప్పుడే కనిపిస్తుంది. ఇప్పుడు రాత్రి తలుపు పూర్తిగా మూయమంటున్నాడు.